సిస్టమ్ మార్చండి సార్!

(విజయవాడలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న అమ్మలకి, అయ్యలకి నమస్కారం. పేరుపేరునా చెప్పమని కార్యదర్శి గారు చీటీ ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. అన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు వాటికే పోతాయి. అందరూ నాకు కావలసినవాళ్ళే గనక ఏమీ అనుకోరనే ధైర్యంతో చీటీ జేబులో పెట్టేస్తున్నాను.

నాకిచ్చిన అంశం ‘డిజిటల్ యుగంలో పఠనాసక్తి’. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి పఠనాసక్తి గురించి నేను చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. నేను గవర్నర్‌పేటలో మెట్ల కింద గదిలో పాతికేళ్ళు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు కూర్చే పని, చేసినవాణ్ణి. శుభలేఖలు, కరపత్రాలు, దశదిన కర్మ కార్డులు, అప్పుడప్పుడు ఓ పుస్తకం. చదవాలంటే ముందు అక్షరం కనపడాలి కదండీ. నేను కొట్టిన అక్షరాలు నాకే కనపడకుండా పోయాయి. ముందు ఆ గోడు వినండి, పఠనాసక్తి సంగతి తర్వాత చూద్దాం.

పదిహేడేళ్ళప్పుడు ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. చెక్క కేసు, దాన్నిండా గళ్ళు, గడికో రకం సీసపు అక్షరం. ఇంగ్లీషువాడికి ఇరవయ్యారుతో సరిపోతుంది. మనకి గుడులు, కొమ్ములు, వత్తులు. ‘లక్ష్మి’ అని కూర్చేలోపు చెయ్యి కేసంతా తిరిగొచ్చేది. సాయంత్రానికి వేళ్ళు నల్లగా, అన్నంలో కూడా సీసం వాసన. కంప్యూటర్ వచ్చాక కేసు పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదండీ! మేం పేజీలు పేర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో వాడిన తెలుగు ఫాంట్లు కూడా కేసులే. ఫాంటుకి 256 గళ్ళు, అవీ ఇంగ్లీషు కోసం కట్టినవి. మనవాళ్ళు తెలివిగా ఆ గళ్ళలోనే తలకట్లు, వత్తులు, ముక్కలు ముక్కలుగా సర్దారు. నేను ‘కృష్ణ’ అని కొడితే కంప్యూటరు దాచుకునేది కృష్ణ కాదు. ఒక డాలరు గుర్తు, ఒక ఆశ్చర్యార్థకం, నెత్తిన చుక్కలున్న ఏదో యూరప్ అక్షరం. మీద ఆ ఫాంటు తొడిగితేనే కృష్ణ. ఫాంటు ఊడితే చెత్త. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

2004లో ఒక మాస్టారు నా గదికి వచ్చారు. రిటైరైన తెలుగు పండితులు. చేతిసంచీ నిండా లాంగ్ నోట్‌బుక్కులు. మన ఊళ్ళోంచి పోయే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఉన్నాయి కదా, వాటి మీద ఒకప్పుడు పడవలు నడిపినవాళ్ళ మాటలన్నీ ఆయన పోగుచేశారు. గడ, తెడ్డు, చుక్కాని, లంగరు లాంటివి మనకీ తెలుసు. మనకి తెలియనివి ఇంకెన్నో. ముసలి సరంగుల ఇళ్ళ అరుగుల మీద కూర్చుని రాసుకున్నారట. ఏడు నెలలు కొట్టాం. ప్రతి శనివారం ప్రూఫులు ముందేసుకుని కూర్చునేవారు. ‘లాకు’ అనే మాట దగ్గర మా ఇద్దరికీ పెద్ద పేచీ. అది ఇంగ్లీషు మాట కదా మాస్టారూ, ఎందుకండీ అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. “పడవ లాకులోకి పోయి, రెండు తలుపుల మధ్య నీళ్ళు సమానమయ్యేదాకా ఆగాలి. ఆ ఆగే సేపులో వంట చేసుకునేవాళ్ళు, పాటలు పాడుకునేవాళ్ళు. ఇన్ని తరాలు అందులో వండుకు తిన్నాక అది ఎవరి మాటయ్యా?” అన్నారు. నోరు మూసుకుని కొట్టాను. ఐదొందల కాపీలు వేశాం. సగం పంచిపెట్టారు, సగం చెదలు తిన్నాయి.

ఆ పుస్తకం కొట్టిన సిస్టమ్‌లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 256 ఎంబీ ర్యాము, 40 జీబీ హార్డ్ డిస్కు. తెర మీద పచ్చటి గుట్ట, నీలి ఆకాశం, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ నీళ్ళు వదిలేసిన రోజు 2014 ఏప్రిల్ 8. ఆ రోజు శ్రీరామనవమి. మా వీధి పందిట్లో పానకం తాగుతుంటే సర్వీసు కుర్రాడు వచ్చి, “సిస్టమ్ మార్చండి సార్, ఇంక అప్‌డేట్లు రావు” అన్నాడు. రాష్ట్రమే రెండవబోతోంది, ఎలక్షన్లు నెత్తి మీదున్నాయి, నాకు ఎక్స్‌పీ గొడవెక్కడిది? పనిచేస్తున్న దాన్ని ఎందుకు మార్చాలిరా అన్నాను. అక్కడ నాదే తప్పు. ఎలాగో చెప్తాను.

అప్‌డేట్లంటే కొత్త రంగులు, కొత్త బొమ్మలు అనుకునేవాణ్ణి. దొంగ దూరే కంత కనపడినప్పుడల్లా పూడ్చే మట్టి అది. కంపెనీ ఆపేసిన రోజున మెషీను ఆగదు, మట్టి వెయ్యడం ఆగుతుంది. అసలు నేను కంపెనీ ఉన్నప్పుడే వేయించుకోలేదండీ. ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఆటోరన్ ఫైలు తనంతట తనే లేచి పరిగెత్తేది. దాన్ని ఆపే అప్‌డేట్ 2011 ఫిబ్రవరిలోనే ఇచ్చారు. అప్‌డేట్ చేస్తే తెలుగు ఫాంట్లు పోతాయని మా లైన్లో ఎవరో అన్నారు, నమ్మాను. ఒక పెద్దాయన కూతురి శుభలేఖకని పెన్‌డ్రైవ్ తెచ్చారు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కూర్చున్నాయి. ఆ తర్వాత నా గదికి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటింది. మాఘమాసం, ముహూర్తాల రద్దీ! వారం రోజులు గవర్నర్‌పేటకంతా నేనే పంచిపెట్టాను ఆ జబ్బు. అప్పుడు ఎవర్ని తిట్టుకోవాలి?

2017 మే నెలలో వన్నాక్రై అని ఒకటొచ్చింది, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్. దాని కోసం మైక్రోసాఫ్ట్ మూడేళ్ళ కిందట వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ఆదరాబాదరా మందు పంపింది. అయితే విచిత్రమేంటంటే, అప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ ఎక్స్‌పీలు కావు, విండోస్ 7లు. వాటికి రెండు నెలల ముందే, మార్చి 14న ఆ కంత పూడ్చే ప్యాచ్ ఇచ్చారు. ఇంటి గుమ్మంలోకి వచ్చిన మందు మింగనివాళ్ళన్నమాట, నాలాంటివాళ్ళు.

సరే, 2018లో బుద్ధి తెచ్చుకుని ఒక సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ కొన్నాను. విండోస్ 10 వేశారు. ఫైళ్ళన్నీ కుర్రాడే కాపీ చేశాడు. పాత డబ్బా అటకెక్కింది. పోయిన ఏడాది ఒక అమ్మాయి వచ్చింది, హైదరాబాద్ నుంచి. మాస్టారి కూతురు. “నాన్నగారు పోయి ఐదేళ్ళయింది అంకుల్, ఆ పుస్తకం మళ్ళీ వేయిద్దామనుకుంటున్నాం, ఫైలుందా?” అంది. ఉండకేం తల్లీ అని గర్వంగా తెరిచాను. డాలర్లు, చుక్కల అక్షరాలు, ప్రశ్నార్థకాలు. నాలుగొందల పేజీలూ అంతే. ఆ అమ్మాయి తెర వంక చూసింది, నా వంక చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఏమయిందంటే, మేం వాడిన తెలుగు సాఫ్ట్‌వేరుకి లాకు ఉండేది. అవునండీ, దాన్నీ లాకనే అనేవాళ్ళం! బొటనవేలంత డబ్బీ. వెనక ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే తెలుగు పడేది. కొత్త సిస్టమ్‌కి ఆ పోర్టే లేదు. కన్వర్టర్ కేబుల్ కొన్నాను. ఆ కేబుల్ ప్రింటర్‌కి పనికొస్తుందిగాని లాకుకి పనికిరాదు.

అటక మీంచి డబ్బా దించాం. మూత తీస్తే లోపల బల్లి గుడ్లు. ఫ్యాన్ తుడిచి స్విచ్చేస్తే కుయ్యిమని ఒక్క కూత కూసి, ఎఫ్1 నొక్కమంది. నొక్కాను. తేదీ 2003 జనవరి 1. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, అది చచ్చిపోతే సిస్టమ్‌కి కాలం గుర్తుండదు. గుట్ట వచ్చింది. లాకు తగిలించి పేజ్‌మేకర్ తెరిచాను. అరనిమిషం తిరిగింది. వచ్చాయండీ అక్షరాలు! ఆ అమ్మాయి తెర మీద వేలు పెట్టి చదువుతోంది, వాళ్ళ నాన్న ప్రూఫులు చూసినట్టే. పుణ్యకాలమంతా అక్కడే గడిచింది, టీ చల్లారిపోయింది.

“దీన్ని నాకు మెయిల్ చేసెయ్యండి అంకుల్” అంది. నెట్ వైరు పెట్టాను. ఏ సైటు తెరిచినా నమ్మదగినది కాదంటుంది. తేదీ సరిచేశాను. అయినా రాదు. సైట్లు చూపించే గుర్తింపు పత్రాల మీద సంతకం పెట్టేవాళ్ళు మారిపోయారు, ఆ కొత్త సంతకాలు దీనికి తెలియవు. ఇప్పటి సైట్లు మాట్లాడే రహస్య భాష ఎక్స్‌పీతో వచ్చిన బ్రౌజర్‌కి రాదు. అప్‌డేట్ చేద్దామంటే, అప్‌డేట్ ఇచ్చే సర్వరే ఇప్పుడు దీని మొహం చూడదు. వైరు పీకేశాను. ఆ రోజు పీకినవాణ్ణి మళ్ళీ పెట్టలేదు, పెట్టను.

మన ఆటోనగర్ చూడండి. అంబాసిడర్ కారు తయారీ కూడా 2014లోనే ఆపేశారు. ఇవాళ తోలుకెళ్ళినా ఏదో ఒక షెడ్డులో లేతు మీద ముక్క తిప్పి బిగించి పంపుతారు. కంపెనీ చెయ్యకపోతే పోనీ, బండి విప్పడం మన చేతిలో పని. విండోస్‌కి ఆటోనగర్ లేదు. బానెట్‌కి కంపెనీ తాళం. విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్‌కి బానెట్ తెరిచే ఉంటుంది, ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు. అలాగని అక్కడంతా స్వర్గమని చెప్పను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌లో నా డబ్బాలాంటి పాతకాలపు 32 బిట్ మెషీన్లకి ఇన్‌స్టాలర్ తీసేశారు. ఇక నేను 2018లో కొన్నది? 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి కూడా చెల్లుచీటీ ఇచ్చారు. నమోదు చేసుకున్నవాళ్ళకి అప్పట్నుంచి ఇంకో ఏడాది వాయిదా ఇచ్చారు. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. నాది నాలుగోది. అదే కుర్రాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, వచ్చి ఏమన్నాడో మీరే చెప్పండి... అదే! “సిస్టమ్ మార్చండి సార్.” సిస్టమ్ మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు, అక్షరాలు ముందు బయటికి రావాలి. ఆ వరస తిరగేసినందుకే నేను మాస్టారి కూతురి ముందు తలదించుకున్నాను.

ఏడుపు మాని ఏం చేశానో చెప్తాను. ముందు హార్డ్ డిస్కు మొత్తానికి నకలు తీయించాను. పాత డబ్బాకి నెట్ బంద్, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే అది బంద్. పేజీల్లోంచి మాటర్ బయటికి లాగి, ప్రపంచ భాషల అక్షరాలకి తలా ఒక గడి కేటాయించిన యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. యూనికోడ్‌లో తెలుగుకని 128 గళ్ళు 1991 నుంచీ విడిగా ఉన్నాయి. అందులో ఫాంటు ముక్కలుండవు, అక్షరాలు, గుణింతపు గుర్తులే ఉంటాయి. ఏ ఫాంటు తొడిగినా ‘క’ క గానే ఉంటుంది. ఆ మాటకొస్తే ఎక్స్‌పీలోనే గౌతమి అని యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. కంట్రోల్ ప్యానెల్లో ఒక టిక్కు పెట్టి సీడీ వేస్తే చాలు. అన్నేళ్ళు నా ముక్కు కిందే ఉంది. పేజ్‌మేకర్ దాన్ని ముట్టుకోదని నేనూ ముట్టుకోలేదు.

మార్చే కన్వర్టర్లు నిమిషంలో మారుస్తాయి, కానీ గుడ్డిగా మారుస్తాయి. మధ్యలో ఇంగ్లీషు మాటొస్తే దాన్నీ తెలుగు అనుకుని పిచ్చి అక్షరాలు చేస్తాయి. వత్తులు పక్క అక్షరానికి పోయి అంటుకుంటాయి. అందుకే ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫు చూడాలి. నూటపది పేజీలు అయ్యాయి. నా కళ్ళు అంతే.

అయ్యా, మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ హాల్లో కనీసం పదిమంది కవులున్నారు, నాకు తెలుసు. 2000 నుంచి 2010 దాకా మీరు వేయించుకున్న పుస్తకాల సీడీలు బీరువాలో చీరల కింద ఉంటాయి. ‘ఉంది కదా’ అనుకుంటున్నారు. ఇంటికెళ్ళి తెరిచి చూడండి. తెరుచుకోకపోయినా, డాలర్లు కనపడినా పారెయ్యకండి, నా దగ్గరికి తీసుకురండి. డబ్బులొద్దు. ప్రూఫు చూడ్డానికి మీ మనవల్ని పంపండి చాలు. పఠనాసక్తి అంటే...

వెనక వరసలో చెయ్యెత్తారు, చెప్పండి బాబాయ్‌గారూ. సీడీయేనా అది? సంచీలో పెట్టుకుని తిరుగుతున్నారా! మీద ఏం రాసుంది? 2006, శతకం... రండి, ముందుకి రండి. డబ్బాని ఆటోలో వేసుకొచ్చాను, పక్క గదిలో ఉంది, లాకు కూడా తెచ్చాను. కాకపోతే సీడీ ట్రే పిలిస్తే రాదు, చిన్న కన్నంలో పొడవాలి. జెమ్ క్లిప్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పించండి.