గీత ఎక్కడిదాకా?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక లెక్క చెబుతాను, వినండి. ఫైవ్ ప్లస్ ఎక్స్ ప్లస్ వన్ హోల్ బై టూ, ఈజీక్వల్టు నైన్. ఎక్స్ ఎంత?

చూపు లేని పిల్లలుండే ఒక హాస్టల్‌కి కొంతకాలం ఆదివారాల్లో వెళ్లేదాన్ని, లెక్కల పుస్తకం చదివి పెట్టడానికి. పదో తరగతి అమ్మాయికి ఒకరోజు ఈ లెక్కే చదివాను. తను బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, టకటకా చుక్కలు పొడుచుకుంది. కాసేపటికి "పన్నెండు మేడమ్" అంది. పుస్తకం వెనక చూస్తే జవాబు ఏడు. "కాదమ్మా, మళ్లీ చూడు" అన్నాను. మళ్లీ చేసింది. మళ్లీ పన్నెండే. మూడోసారి కాగితం బయటికి తీసి, వెనక్కి తిప్పి, చూపుడువేలితో మెల్లగా తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"మేడమ్, గీత ఎక్కడిదాకా ఉంది? ఐదు కిందికి కూడా వచ్చిందా?"

రాలేదు. గీత ఎక్స్ ప్లస్ వన్ కిందే ఉంది, ఐదు బయట ఉంది. నాకు కనిపిస్తోంది కాబట్టి చెప్పాలని తోచలేదు. 'హోల్' అన్నాను కదా, మొత్తం అనుకుంది. ఐదు, ఎక్స్, ఒకటి, మూడూ కలిపి రెండుతో భాగిస్తే తొమ్మిది రావాలంటే ఎక్స్ పన్నెండే. ఆ పిల్ల లెక్కలో తప్పు లేదు. గీత ఎక్కడిదాకా ఉందో నేను చెప్పలేదు, అంతే.

లెక్కల పుస్తకంలో పేజీ అంతా ఇలాగే ఉంటుంది. ఒక అంకె పైన, ఒకటి కింద, ఇంకోటి చిన్నదిగా భుజం మీద. కన్ను ఒక్క చూపులో అంతా పట్టేస్తుంది. వేలు అలా కాదు. వేలు ఒక వరుస వెంట, ఎడమ నుంచి కుడికి, ఒక్కో గడీ దాటుకుంటూ వెళ్తుంది. గడికి ఆరు చుక్కలు. పైనా కిందా ఉన్న లెక్కను ఆ ఒక్క వరుసలోకి తేవాలి.

ఈ పని చేసినాయన పేరు అబ్రహాం నెమెత్. ఆయన గురించి చెప్పడం నాకు చాలా ఇష్టం. 1918లో న్యూయార్క్‌లో పుట్టారు, పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ల నాన్న వీధిలో నడిపించుకుంటూ వెళ్తూ, పోస్టు డబ్బాల మీద ఉబ్బెత్తుగా ఉండే అక్షరాలను కొడుకు చేత తడిమించేవారట. అలా అచ్చు అక్షరాల రూపాలు ఆయనకు వేళ్లతోనే తెలిశాయి. లెక్కలంటే ప్రాణం. కానీ చూపు లేనివాళ్లకు లెక్కలు కుదరవని సలహాదారులు సైకాలజీ వైపు పంపారు. కొలంబియా యూనివర్సిటీలో ఎంఏ చేశారు. ఉద్యోగం రాలేదు. దిండు గలీబులు కుట్టే పని కూడా చేశారు. అప్పుడు ఆయన భార్య, ఉద్యోగం లేని సైకాలజిస్టుగా ఉండే బదులు ఉద్యోగం లేని గణితజ్ఞుడిగా ఉండొచ్చు కదా అన్నారట. ఎంత ప్రేమ ఉంటే ఆ మాట వస్తుంది!

ఆయన మళ్లీ లెక్కల క్లాసుల్లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకు బోర్డు మీద రాసి మరీ పాఠాలు చెప్పారు. చిన్నప్పుడు వీధిలో తడిమిన అక్షరాలే అక్కడ పనికొచ్చాయి. తర్వాత డెట్రాయిట్ యూనివర్సిటీలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పారు.

చదువుకునేటప్పుడు తన అవసరం కోసం ఆయన తయారుచేసుకున్న పద్ధతే 1952లో నెమెత్ కోడ్‌గా అచ్చయింది. అందులో ఒక్క సంగతి చెబుతాను. మామూలు బ్రెయిలీలో అంకెలకు వేరే రూపాలు లేవు. 'ఎ' అక్షరం ముందు ఒక గుర్తు పెడితే ఒకటి, 'బి' ముందు పెడితే రెండు. అక్షరాలూ అంకెలూ కలిసే బీజగణితంలో ఇది పెద్ద చిక్కు. నెమెత్ ఏం చేశారంటే, అవే రూపాలను ఒక మెట్టు కిందికి దించారు. 'ఎ' అంటే గడిలో ఎడమవైపు పై చుక్క. ఒకటి అంటే ఎడమవైపు మధ్య చుక్క. వేలికి తేడా వెంటనే తెలుస్తుంది. అంతే, ఒక్క మెట్టు!

ఇక గీత. భిన్నం మొదలయ్యే చోట ఒక గుర్తు, గీతకు ఒక గుర్తు, భిన్నం ముగిసే చోట ఇంకో గుర్తు పెట్టారు. గీత ఎక్కడిదాకా అని అడగాల్సిన పనే లేదు.

ఇప్పుడు యంత్రాలూ వచ్చాయి. కంప్యూటర్లో ఉన్న వరుస, బ్రెయిలీ డిస్‌ప్లే మీద చిన్న పిన్నులుగా పైకి లేస్తుంది, చదవడం అయ్యాక దిగి, తర్వాతి వరుస లేస్తుంది. ఐఐటీ ఢిల్లీ వాళ్లు డాట్‌బుక్ అని మన దేశంలోనే ఒకటి తయారుచేశారు. కానీ ఆ యంత్రానికి కూడా భిన్నం ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలియాలి. లెక్కను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు దానికి బొమ్మ అని తప్ప ఇంకేం తెలియదు. టైపు చేసి పంపండి, బ్రాకెట్లు పెట్టి పంపండి.

మన కృష్ణా జిల్లాలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి కూడా పుట్టుకతోనే చూపు లేదు. ఆయనకు పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకెళ్లాల్సి వచ్చింది. గెలిచారు, చదివారు, అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న యూనివర్సిటీ దాకా వెళ్లారు. ప్రతి పిల్లా కోర్టుకెళ్లలేదు కదా. కానీ మన నోటితో చేయగలిగిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు.

మన క్లాసుల్లో 'హోల్ బై', 'హోల్ స్క్వేర్' అనడం అలవాటు. మంచి అలవాటే. కానీ ఆ మాట చివర్లో వస్తుంది. వినేవాళ్లు వెనక్కి వెళ్లి, ఎక్కడి నుంచి హోల్ అని వెతుక్కోవాలి. నెమెత్ తనకు చదివి వినిపించేవాళ్లకు కూడా ఇదే నేర్పారు: భిన్నం మొదలైనప్పుడే మొదలైందని చెప్పండి, అయిపోగానే అయిపోయిందని చెప్పండి. తర్వాతి ఆదివారం నేను అలాగే చదివాను. "ఐదు ప్లస్, భిన్నం మొదలు, పైన ఎక్స్ ప్లస్ ఒకటి, కింద రెండు, భిన్నం అయిపోయింది, ఈజీక్వల్టు తొమ్మిది." ఆ అమ్మాయి పలక మీద చేయి తీయకుండానే "ఏడు" అంది.

లెక్కల టీచర్లెవరైనా వింటుంటే, రేపు బోర్డు మీద రాస్తూ ఇలా ఒక్కసారి పైకి చెప్పి చూడండి. మిగతావాళ్లు ఇవాళ ఇంట్లో ఒక పని చేయండి. మీ పిల్లల్లో ఒకరిని పుస్తకంలోని ఒక భిన్నం లెక్క చదవమనండి. పుస్తకం చూడకుండా, వింటూ మీరు రాయండి. రాసింది పుస్తకం పక్కన పెట్టి, గీత ఎక్కడిదాకా ఉందో చూడండి.

నమస్కారం.