ఆయాసపడుతున్న సీఓపీడీ పేషెంట్: ముందు ఊపిరి బయటికి పోనిద్దాం

నమస్తే. నైట్ డ్యూటీలో ఉన్నారనుకోండి. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు సన్నబడే దీర్ఘకాలిక జబ్బు ఉన్న పేషెంట్ మంచం అంచు పట్టుకుని కూర్చున్నారు. ఊపిరి తీసిన ప్రతిసారీ మెడ కండరాలు బిగుస్తున్నాయి, మాట పూర్తి కావడం లేదు. మన చెయ్యి ముందు ఆక్సిజన్ ఫ్లోమీటర్ మీదికే పోతుంది. ఒక్క నిమిషం ఆగి, ముందు ఆయన్ని సరిగ్గా కూర్చోబెడదాం.

మంచం తలవైపు బాగా ఎత్తండి. భోజనం పెట్టే బల్లను ఛాతీకి దగ్గరగా లాగి, దానిమీద రెండు దిండ్లు వేయండి. మోచేతులు వాటిమీద ఆనించి ముందుకు వంగమనండి. ఇదిగో, భుజాలు చూడండి, చెవుల దగ్గర ఉన్నవి కిందికి దిగాయి. చేతుల బరువు ఇప్పుడు బల్ల మోస్తోంది, భుజాల కండరాలు ఊపిరికి సాయపడతాయి.

ఈ జబ్బులో అసలు ఇబ్బంది గాలి బయటికి పోకపోవడం. లోపల పాత గాలి ఇరుక్కుంటే కొత్త గాలికి చోటేది? టెన్షన్‌లో గబగబా పీల్చేకొద్దీ ఇంకా ఇరుక్కుంటుంది. నేను కొత్తలో "గట్టిగా పీల్చండి" అనేదాన్ని. అలా అనకండి. ఎదురుగా కూర్చుని, "నాతో పాటు మెల్లగా వదలండి" అనండి. ముక్కుతో పీల్చాలి... ఒకటి, రెండు. ఈల వేసేటప్పటిలా పెదాలు పెట్టి వదలాలి... ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దాకా రాకపోతే మూడైనా చాలు. బలవంతంగా ఊదించొద్దు.

ఇక ఆక్సిజన్. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవాళ్లకి రక్తంలో ఆక్సిజన్ స్థాయిని సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంచుతారు. కేస్ షీట్‌లో ఎంత రాశారో చూడండి. ఇలాంటి పేషెంట్‌కి ఆక్సిజన్ పెట్టాక 98 కనిపిస్తే సంతోషించాల్సింది లేదు, డాక్టర్‌కి చెప్పాలి. అలాగని 84 ఉంటే భయపడి ఆక్సిజన్ ఇవ్వకుండా ఉండకూడదు. మందును తుంపరగా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఆక్సిజన్‌తో నడపాలా, మామూలు గాలితోనా అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

కుదుటపడ్డాక ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి, పూర్తి నిమిషం. కాలింగ్ బెల్ చేతికి అందేలా పెట్టండి. మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి, ఆ టైముకి తప్పకుండా వెళ్లండి.

అలా వెళ్లినప్పుడు, ఇందాకటిదాకా ఆయాసంతో కూర్చున్న మనిషి మగతగా పడి ఉంటే "హమ్మయ్య, నిద్రపట్టింది" అనుకోకండి. పేరు పెట్టి పిలవండి. తడబడుతూ జవాబిచ్చినా, చాచిన అరచేతులు రెపరెపలాడినా, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందేమో. పక్కనుంచి కదలకుండా, వెంటనే డాక్టర్‌ని పిలిపించండి.