పోర్టు పోలేదు, మీరు ఊ కొట్టలేదు

[తెరపై: నెట్‌వర్క్ స్విచ్‌కు తగిలించిన కేబుల్, దాని రెండో చివర ఆనించిన మల్టీమీటరు ప్రోబులు]

ఈ దృశ్యం నాకు ఎంత చిరాకు కలిగిస్తుందో చెప్పలేను. కెమెరా వెలగకపోతే చాలు, ఎవరో ఒకరు కేబుల్ చివర మల్టీమీటరు పెట్టి, 48 వోల్టులు కనిపించడం లేదు కనుక పోర్టు కాలిపోయిందని తేల్చి, నిక్షేపంలాంటి స్విచ్‌ను విప్పి పక్కన పడేస్తారు. డేటా వెళ్లే కేబుల్‌లోనే విద్యుత్తునూ పంపే పద్ధతికి పీఓఈ అని పేరు; ఆ ప్రమాణాన్ని పాటించే స్విచ్ అడగనివారికి విద్యుత్తు ఇవ్వదు.

ఊ కొడితేనే కథ చెప్పే అమ్మమ్మను తలచుకోండి. ఆమె "వింటున్నావా?" అని అడిగి, అవతలి నుంచి "ఊ" వినిపించాకే "అనగనగా" అంటుంది. స్విచ్ కూడా ముందు 2.8 నుంచి 10 వోల్టుల మధ్య స్వల్ప వోల్టేజీని పంపి, అవతల సుమారు 25 కిలోఓమ్‌ల నిరోధం ఉందేమో చూస్తుంది. ఆ నిరోధమే "ఊ". మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు ఉంటుంది కనుక, స్విచ్ లెక్కలో అక్కడ ఎవరూ లేనట్లే. మీటరుపై కొద్ది వోల్టులు మెరిసి మాయమవుతున్నాయంటే, పోర్టు బతికే ఉండి "వింటున్నావా?" అని అడుగుతోందన్నమాట.

తరువాత, ఎంత పెద్ద కథ కావాలో తేలాలి. స్విచ్ వోల్టేజీని 15.5 నుంచి 20.5 మధ్యకు పెంచి, పరికరం తీసుకునే కరెంటును బట్టి దాని క్లాసును, అంటే దానికి ఎంత విద్యుత్తు కావాలో తెలిపే తరగతిని, గుర్తిస్తుంది. 36 నుంచి 44 మిల్లీఆంపియర్లు తీసుకుంటే అది క్లాస్ 4. అసలు సరఫరా ఆ తరువాతే. కథ నడుస్తున్నంతసేపూ ఊ కొడుతూనే ఉండాలి; పరికరం కనీసం 10 మిల్లీఆంపియర్లయినా తీసుకోవడం మానేస్తే, 300 నుంచి 400 మిల్లీసెకన్లలో స్విచ్ సరఫరా ఆపేస్తుంది. ఉత్త 25 కిలోఓమ్‌ల రెసిస్టరు తగిలించి పరీక్షించేవారు బోల్తాపడేది ఇక్కడే. 48 వోల్టుల వద్ద అది తీసుకునేది 2 మిల్లీఆంపియర్ల లోపే కనుక, అది ఒక్కసారి ఊ కొట్టి నిద్రపోయే పిల్లవాడు.

దీపం వెలిగే చిన్న టెస్టర్లపైనా నాకు పెద్దగా నమ్మకం లేదు. అవి ఊ కొట్టి కథ మొదలుపెట్టించగలవు, కానీ కథ చివరిదాకా సాగుతుందో లేదో చెప్పలేవు.

[తెరపై: పచ్చటి చిలుము పట్టిన ఆర్‌జే45 ప్లగ్గు, దగ్గరగా]

ఈ ప్లగ్గు పుణ్యమా అని నేను రెండు కెమెరాలు మార్చాను. పగలంతా బాగానే పనిచేసిన కెమెరా, చీకటిపడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగి, తిరిగి మొదలై, మళ్లీ ఆగేది. ఊ కొట్టి, కోరినన్ని వాట్లు లాగే లోడ్ టెస్టరును కెమెరా చివర తగిలించి, లోడు నామమాత్రంగా ఉంచితే 50 వోల్టులు దాటి కనిపించింది. దానితో 12 వాట్లు లాగగానే 33కు పడిపోయింది. తేమ చేరి ప్లగ్గు పళ్లకు చిలుము పట్టింది. డేటాకు అది అడ్డుకాలేదు కానీ, కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీని అదే మింగేసింది.

మంచి కేబుల్ కూడా కొంత మింగుతుంది. 2003 నాటి పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్ స్విచ్ దగ్గర 15.4 వాట్లు, పరికరం దగ్గర 12.95 వాట్లే అనడం ఇందుకే. 44 వోల్టుల వద్ద 15.4 వాట్లంటే 350 మిల్లీఆంపియర్లు; రానూపోనూ నిరోధం 20 ఓమ్‌లనుకుంటే 7 వోల్టులు దారిలోనే పోయి, చివరకు 37 మిగులుతాయి. అందువల్ల పరీక్ష ఎప్పుడూ పరికరం ఉండే చివరనే, అది లాగగల గరిష్ఠ వాట్ల లోడుతోనే, కొన్ని నిమిషాలపాటు చేయాలి.

సమయం మించుతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. 2018లో వచ్చిన కొత్త పీఓఈ ప్రమాణం 802.3బీటీ కేబుల్‌లోని నాలుగు జతల తీగలనూ వాడుకొని స్విచ్ దగ్గర 90 వాట్ల దాకా ఇస్తుంది కనుక, ప్లగ్గు పళ్ల వరుస సంఖ్యల ప్రకారం 1-2, 3-6 జతలను చూసి వదిలేయకుండా 4-5, 7-8 జతలనూ లోడుతో చూడాలి. ఒక జతలోని రెండు తీగల నిరోధాల మధ్య తేడా ఎక్కువైతే పోర్టులోని ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత కోర్ సంతృప్తమై డేటా దెబ్బతింటుంది. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుళ్లను నేను అసలు ముట్టుకోను.

చివరగా, ఏమీ అడగకుండానే కేబుల్‌లోకి విద్యుత్తు ఎక్కించే 24 వోల్టుల ప్యాసివ్ ఇంజెక్టరు ఉన్నచోట మాత్రం మల్టీమీటరు నేరుగా వోల్టేజీ చూపిస్తుంది. అది ఊ కోసం ఆగే అమ్మమ్మ కాదు, ఎవరున్నా లేకున్నా మోగే మైకు. కనుక ధ్రువాలు, వోల్టేజీ సరిచూసుకున్నాకే దానికి పరికరాన్ని తగిలించండి.