ఓటుతో తేలేదా గ్రహం? (స్టూడియో చర్చ)

యాంకర్: 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఓటేసి ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు. 2024లో మార్గో, గ్లాడ్‌మన్, యాంగ్ అనే శాస్త్రవేత్తలు గ్రహానికి కొత్త నిర్వచనం ప్రతిపాదించడంతో గొడవ మళ్లీ మొదటికొచ్చింది. మేడమ్, సైన్స్‌ని ఓటుతో తేలుస్తారా?

ఖగోళ పరిశోధకురాలు: ఓటేసింది వర్గీకరణకండీ. షరతులు మూడు. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత గురుత్వంతో గుండ్రబడాలి, తన కక్ష్య చుట్టుపక్కల మిగతావాటిని ఊడ్చేసి ఉండాలి...

గ్రహ భూవిజ్ఞాని: ఆ మూడోదే తప్పు! బుధుణ్ని తీసుకెళ్లి ప్లూటో దూరంలో పెట్టండి. కక్ష్యని ఊడ్చే సత్తా ఎంతో కొలవడానికి 2015లో మార్గో ఇచ్చిన సూత్రంలోనే వేయండి. 1 దాటాలి, 0.7 వస్తుంది. చోటు మారితే గ్రహం కాకుండా పోతుందా?

పరిశోధకురాలు: అదే చోట భూమికి 13 వస్తుంది. ప్లూటోకి 0.03. తేడా కొద్దిపాటిది కాదు.

యాంకర్: ఓటేసింది మాత్రం ఎంతమంది?

ఫిజిక్స్ అధ్యాపకుడు: వేలల్లో సభ్యులుంటే 500 లోపే. అయినా ఇది కొత్త కాదండీ. 1801లో పియాజీ అనే ఖగోళ శాస్త్రవేత్త అంగారకుడికీ గురుడికీ మధ్య సిరీస్ (Ceres) అనే చిన్న లోకాన్ని కనిపెడితే గ్రహమనే అన్నారు. తర్వాత అక్కడే పల్లాస్, జూనో, వెస్టా...

భూవిజ్ఞాని: వెస్టా అన్నారు కాబట్టి చెబుతున్నా. అడ్డంగా 525 కిలోమీటర్లున్నా గుండ్రంగా లేదు. శనికి ఉపగ్రహమైన మైమాస్ 396 కిలోమీటర్లే, గుండ్రంగా ఉంది. రాయి మొండిది, మంచు తొందరగా లొంగుతుంది. ఇక ప్లూటో! 2015 జులై 14న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక పక్కనుంచి వెళ్తూ ఏం చూసింది? స్పుత్నిక్ ప్లానిషియా అనే మైదానంలో నైట్రోజన్ మంచు పలకలు పలకలుగా చీలి ఉంది. ఒక్కో పలక పదుల కిలోమీటర్లు. నడుమ ఉబ్బి, అంచుల్లో కుంగి ఉంటుంది. అడుగు వేడికి మంచు పైకి పొంగి, చల్లారి దిగుతోంది. ఉల్కల గుంటలే లేవు. అంత చురుగ్గా ఉన్న లోకం గ్రహం కాదా?

యాంకర్: అయినా ఓటేసేశారు!

పరిశోధకురాలు: చురుకుదనం కొలమానమైతే గురుడి ఉపగ్రహం యూరోపా కూడా గ్రహమే. పైగా 2006 నిర్వచనంలో సూర్యుడి మాటే ఉంది. వేరే నక్షత్రాల చుట్టూ 5,000కు పైగా గ్రహాలు దొరికాయి, అవి దాని కిందికి రావు. వాటి గుండ్రదనం కొలవలేం, చాలావాటి బరువు కట్టగలం. అందుకే కొత్త ప్రతిపాదన 10²³ కిలోల గీత గీసింది. ప్లూటో దాని ఏడో వంతుకి మించదు...

భూవిజ్ఞాని: మళ్లీ చెబుతున్నా, ఆకారం చాలు! 2017లో అలా లెక్కేస్తే మన సౌరకుటుంబంలోనే 110కి పైగా గ్రహాలు తేలాయి. చందమామతో సహా.

అధ్యాపకుడు: పిల్లలకి 110 పేర్లు ఎలా...

భూవిజ్ఞాని: మూలకాలు 118 ఉన్నాయి, తగ్గించమని ఎవరైనా అడిగారా?

యాంకర్: సార్ మాటలో బలముంది. అంటే ఓటింగ్ మళ్లీ పెట్టాలి?

పరిశోధకురాలు: నన్ను పూర్తి చేయనివ్వండి. నెప్ట్యూన్ మూడుసార్లు తిరిగేలోపు ప్లూటో సరిగ్గా రెండుసార్లు తిరుగుతుంది. నెప్ట్యూనే దాన్ని ఆ లెక్కలో కట్టేసింది, అక్కడ పెత్తనం ప్లూటోది కాదు...

భూవిజ్ఞాని: తిరగడం వేరు, లోపలేముందో వేరు!

యాంకర్: మేడమ్, సమయం లేదు. బ్రేక్ తర్వాత ఓటు సంగతే మాట్లాడదాం. సార్, ముందు మీరే మొదలుపెట్టండి.