టన్ను ఉక్కు, 400 గ్రాముల నియోబియం, ఒక గిన్నె నెయ్యి

ఉక్కుతో పాటు వచ్చే టెస్ట్ సర్టిఫికెట్ చూపించి "నియోబియం 0.04 శాతం ఉందండీ, ఇంక బలానికి ఢోకా లేదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. నియోబియం అంటే ఉక్కుకి బలం కోసం చిటికెడు కలిపే లోహం. 0.04 శాతం అంటే టన్నుకి 400 గ్రాములు. సరే, ఉన్నాయి. కరిగి ఉన్నాయా, పూస కట్టి ఉన్నాయా? పూసైతే ఎంత సైజు? ఆ కాగితం చెప్పదు.

అందుకే ఇవాళ టేబుల్ మీద రెండు గిన్నెలు. రెండూ మా ఇంటి నెయ్యే, ఒకే రోజు కాచింది. దీన్ని వేడి తగ్గకముందే ఫ్రిజ్‌లో పెట్టాను, నున్నగా ముద్దకట్టింది. ఇది గట్టు మీద నిదానంగా చల్లారింది. చెంచా పెడుతున్నాను, చూడండి... ఎంత చక్కగా పూస కట్టిందో!

ఉక్కులో నియోబియం కార్బన్‌తో, నైట్రోజన్‌తో కలిసి కట్టే ప్రెసిపిటేట్ (ఉక్కులోంచి విడిపడే చిన్న కణాలు) కూడా ఇలాంటి పూసే. కాకపోతే నెయ్యిలో పెద్ద పూస మనకి ముద్దు, ఉక్కులో సన్న పూసే కావాలి. ఎందుకంటారా? డిస్‌లొకేషన్లు, అంటే లోహంలో పరమాణువుల వరసల్లో ఉండే లోపాలు, కదిలితేనే లోహం వంగుతుంది. వాటికి అడుగడుగునా అడ్డం పడాలి. 5 నానోమీటర్ల పూస 50కి పెరిగితే ఘనపరిమాణం వెయ్యి రెట్లవుతుంది. ఉన్న సరుకు అంతే కాబట్టి పూసల సంఖ్య వెయ్యో వంతుకి పడిపోతుంది. మధ్యలో అంత ఖాళీ ఉంటే డిస్‌లొకేషన్లకి అడ్డేముంది?

స్లాబ్‌లో, అంటే రోలింగ్‌కి ముందున్న మందపాటి ఉక్కు దిమ్మలో, ముందే ముతక పూస ఉంటుంది. ముందు దాన్ని కరిగించాలి. కార్బన్ 0.08 శాతం, నియోబియం 0.04, నైట్రోజన్ 0.005 ఉన్న ఉక్కులో పూసంతా కరగడానికి ఎంత వేడి కావాలో లెక్క కడితే సుమారు 1,160 డిగ్రీల సెల్సియస్ వస్తుంది. 1,050 దగ్గరే ఫర్నేస్‌లోంచి లాగేస్తే సగానికి పైగా నియోబియం కరగనే కరగదు. సగం కరిగిన నెయ్యిని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, పాత పూస అడుగున అలాగే ఉంటుంది. ఇంధనం మిగిలిందని సంబరపడతారు గానీ, నియోబియం మీద పెట్టిన డబ్బు సగం దండగే. (ఆ ముతక పూస వేడిలో గ్రెయిన్లు, అంటే ఉక్కులోని స్ఫటికాలు, మరీ పెరగకుండా కాస్త ఆపుతుంది, ఆ మాత్రం ఒప్పుకుంటాను.)

ఇప్పుడు నాకు భలే ఇష్టమైన ఘట్టం, రోలింగ్, అంటే వేడి ఉక్కుని రోలర్ల మధ్య నలిపి పల్చన చేయడం. చల్లారే నెయ్యిని చెంచాతో తిప్పుతూ ఉంటే పూస సన్నగా, ఎక్కువగా కడుతుంది. మిల్లులో రోలర్ చేసే పని అదే. 950 చుట్టుపక్కల రోలర్ కింద నలిగిన చోటల్లా నియోబియం పూస పడుతుంది. నలిగిన గ్రెయిన్ మళ్లీ గుండ్రంగా కొత్త గ్రెయిన్లుగా మారబోతే ఆ పూస అంచుల్ని పట్టుకుని కదలనివ్వదు. గ్రెయిన్లు అట్టుల్లా చదునుగానే ఉండిపోతాయి. చల్లారేటప్పుడు వాటి అంచుల వెంట సన్నటి ఫెర్రైట్ గ్రెయిన్లు (చల్లారిన ఉక్కులో ఉండే ఇనుప స్ఫటికాలు) పుడతాయి. బలం, పగలకుండా తట్టుకునే గుణం (టఫ్‌నెస్) రెండూ ఒకేసారి పెరగడమనే అరుదైన లాభం ఇక్కడే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 600 చుట్టుపక్కల ఉక్కు రేకుని కాయిల్‌గా చుట్టేటప్పుడు మిగిలిన నియోబియం, వెనేడియం (ఇలాగే కలిపే ఇంకో లోహం) ఉంటే అదీ, ఫెర్రైట్‌లో నానోమీటర్ల పూస కడతాయి.

ఇంత కష్టపడి చేసిన ప్లేటుని ఎవరో కొనుక్కెళ్లి, వంచడం తేలికని 900కి కాస్తారు. "అక్కడ నియోబియం కరగదు కదా" అంటారు. నిజమే, పెద్దగా కరగదు, కానీ పెరుగుతుంది! చిన్న పూసలు కరిగి పెద్దవాటికి మేతవుతాయి. ఎండాకాలం గట్టు మీద నెయ్యి పగలు కాస్త కరిగి, రాత్రి గడ్డకట్టి, నాలుగు రోజులకి ముతకబడినట్టే. సన్నటి గ్రెయిన్లూ చెదిరిపోతాయి. బలం పడిపోయిన ఆ ప్లేటుకి కూడా సర్టిఫికెట్‌లో 0.04 శాతమే!

మరి వెల్డింగ్ పక్కన, అంతకన్నా వేడిలో? అక్కడ ఆదుకునేది టైటానియం నైట్రైడ్, అంటే టైటానియం నైట్రోజన్‌తో కలిసి కట్టే పూస. నెయ్యి కాచేటప్పుడు మునగాకు వేస్తామే, నెయ్యంతా కరిగినా ఆకు కరగదు కదా, అదీ అంతే. సన్నగా ఉంటే ఆ వేడిలోనూ గ్రెయిన్లని కట్టేస్తుంది. టైటానియం ఎక్కువేస్తే కరిగిన ఉక్కులోనే పెద్ద పెద్ద గడ్డలు పుడతాయి, మైక్రోస్కోప్ కింద బంగారు రంగులో, నలుచదరంగా. చూడ్డానికి అందంగా ఉంటాయి, పగుళ్లు మొదలయ్యేది వాటి దగ్గరే.