గింజలు నానబెట్టారా?

శ్రోతలకు నమస్కారం.

పొయ్యి వెలిగించబోతూ "అయ్యో, గింజలు నానబెట్టలేదే!" అని నాలుక కరుచుకోని ఇల్లు ఉండదేమో. రాజ్మా కానీ, శనగలు కానీ, ఎండు గింజలు వండాలంటే ముందు రోజు రాత్రే గుర్తుండాలి. డబ్బాల్లో అమ్మే గింజలకు ఆ బెంగ లేదు, మూత తీయడమే తరువాయి. ఏవి కొనాలన్న మాట ధరతో మొదలైనా, రుచితో మొదలైనా, చివరికి వచ్చి ఆగేది మన తీరిక దగ్గరే.

డబ్బా గింజలంటే కొందరికి చిన్నచూపు. నాకది సబబుగా తోచదు. గింజల్లో పులుపు ఉండదు కనుక, గాలి ఆడని డబ్బాలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిములు పెరిగే వీలుంది. వాటి బీజాలు మరిగే నీళ్ళకు, అంటే 100 డిగ్రీలకు, చావవు. అందుకని డబ్బా మూసేశాక ఆవిరి ఒత్తిడిలో దాదాపు 121 డిగ్రీల దాకా వేడిచేస్తారు. 1810లో నికొలా అపెర్ అనే ఫ్రెంచి ఆయన, సీసాలో మూసి మరిగించిన ఆహారం నిలవుంటుందని పుస్తకం రాశాడు. ఎందుకు నిలవుంటుందో అప్పటికి ఆయనకూ తెలియదు. క్రిముల సంగతి తేలడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

కాబట్టి డబ్బా గింజలు పూర్తిగా ఉడికినవే, నిశ్చింతగా తినొచ్చు. ఉప్పు మాత్రం చూసుకోవాలి. ఆ నీళ్ళు వంపేసి, జల్లెడలో వేసి కుళాయి కింద కడిగితే సోడియం సుమారు 40 శాతం తగ్గుతుంది. ఉబ్బిన డబ్బా కనిపిస్తే రుచి కూడా చూడకుండా పారేయండి.

ఇక ఎండు గింజలు. కిలో గింజలు ఉడికితే రెండు కిలోల పైనే అవుతాయి. 400 గ్రాముల డబ్బాలో నీళ్ళు వంపేస్తే మిగిలేవి 240 గ్రాములే. అంటే కిలో గింజలు ఎనిమిది తొమ్మిది డబ్బాల పెట్టు. ఖర్చు సంగతి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రాజ్మా గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, మూడు గంటల్లోపే వాంతులు పట్టుకోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి, తెర్లే మంట మీద ముందు అరగంట మరిగించాలి. కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే భయం లేదు. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచే కరెంటు పాత్రలతోనే చిక్కు. వాటిలో గింజ మెత్తబడినట్టే ఉంటుంది, విషం మాత్రం విరగదు. అలాంటి పాత్ర వాడేవారు రాజ్మాను ముందే పొయ్యి మీద బాగా మరిగించి అందులో వేయండి. అంత ఓపిక లేని రోజున డబ్బా తెరవడమే మంచిది. ఆ మాట చెప్పడానికి నాకే సంకోచమూ లేదు.

నానబెట్టిన గింజను గంట తర్వాత ఒకసారి చూడండి. పైతొక్క ముడతలు పడి, లోపలి పప్పు ఇంకా రాయిలాగే ఉంటుంది. నీళ్ళు ముందు తొక్కకు పట్టి, పప్పులోకి నిదానంగా దిగుతాయి. నానే నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదని నేనూ చాలాకాలం నమ్మాను. అడ్డుపడేది ఉప్పు కాదు, పులుపు. ఒకసారి టమాటాలు ముందే వేసేసి, గంటన్నర ఉడికించినా పంటికింద పలుకు తగులుతూనే ఉంటే, పొయ్యి ముందు నిలబడి ఎంత విసిగిపోయానో! అప్పటినుంచి గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కి, వెన్నలా నలిగాకే పులుపు వేస్తున్నాను. పులుపు లేకపోయినా ఉడకడం లేదంటే అవి ఏళ్ళ తరబడి నిలవున్న గింజలైనా కావచ్చు, మీ నీళ్ళలో సున్నం ఎక్కువైనా కావచ్చు.

తీరిక మాటకొస్తే, నేను చేసేది ఇది. సెలవు రోజున కిలో గింజలు ఒకేసారి వండేస్తాను. చల్లారాక, ఉడికిన నీళ్ళతో సహా చిన్న చిన్న పెట్టెల్లో పోసి ఫ్రీజర్‌లో పెడతాను. నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి కనుక పైన వేలెడు జాగా వదలాలి. మామూలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే ఆగేవి ఇలా నెలల తరబడి ఉంటాయి. కావాలనుకున్న పూట ఒక పెట్టె తీసి గిన్నెలో బోర్లించి పొయ్యి మీద పెడితే, ఉల్లిపాయలు తరిగేలోపు కరిగి సిద్ధంగా ఉంటాయి.

సెలవు.