స్క్రీన్ మీద పెన్ను గీత పడితే

(ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో ఒక కంప్యూటర్ మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నా చెయ్యి వణకదు గానీ ఈ మైకు పట్టుకుంటే వణుకుతోంది. ఇంతమంది మాస్టార్లు, టీచరమ్మలు ఎదురుగా కూర్చున్నారు. తప్పులుంటే దిద్దండి, ఎర్ర ఇంకు మాత్రం నా చొక్కా మీద పడనీయకండి.

ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద బడులకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాక మా షాపుకి ఒక కొత్త రకం ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, ప్యానెల్ మీద మార్కరుతో రాసేశారు, పోవట్లేదు." ఎవరు రాశారని అడిగితే పిల్లాడంటారు. కాసేపాగి, "నేనే" అంటారు. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన చెయ్యి. జేబులో మార్కరుంది, ఎదురుగా తెల్లగా పలక కనపడింది, రాసేశారు. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ తర్వాత కంగారులో చేసే పనులతోనే అసలు చిక్కు.

ముందు నా నిర్వాకం చెప్తాను. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన మానిటర్ తెచ్చాడు, మధ్యలో బాల్‌పెన్ గీత. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో ఏ ఇంకైనా పోతుందని ఎవరో చెప్పగా విన్నాను. దూదికి అద్ది రెండుసార్లు రుద్దాను. గీత మాయం! ఆ సంబరం నిమిషం కూడా నిలవలేదు. తడి ఆరేసరికి అక్కడ మజ్జిగ ఒలికి ఎండినట్టు తెల్లటి మచ్చ తేలింది. రుద్దేకొద్దీ పెద్దదైంది. చివరికి ఆయనకు వేరే మానిటర్ కొనిచ్చాను.

ఎందుకలా అయింది? మామూలు మానిటర్లలో, చాలా లాప్‌టాప్‌లలో మన వేలికి తగిలేది గాజు కాదు. గాజు దాని కింద ఉంటుంది. పైన పోలరైజర్ అనే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి ఉంటుంది. ఆ ఫిల్మ్ పై పొర చాలావాటిలో సెల్యులోజ్ ఎసిటేట్ జాతి ప్లాస్టిక్, పాత సినిమా రీళ్లకు వాడినలాంటిదే. రిమూవర్‌లోని ఎసిటోన్ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. దాని మీద వెలుగు మెరవకుండా వేసిన పూత కూడా చెడుతుంది. థిన్నర్, పెట్రోల్ కూడా ఆ దారిలోవే. అద్దాలు తుడిచే స్ప్రేలు కొన్నింట్లో అమ్మోనియా ఉంటుంది, అదీ వద్దు. టూత్‌పేస్ట్ అయితే సన్నటి గరుకు కాగితంతో రుద్దినట్టే. శానిటైజర్ జెల్‌లో గ్లిజరిన్ లాంటివి కలిసి ఉంటాయి, జిడ్డు చార మిగులుతుంది.

మరి మీ స్క్రీన్ గాజా, ఫిల్మా? స్క్రీన్ ఆపేసి, పైనున్న ట్యూబ్‌లైట్ నీడ అందులో చూడండి. గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే నున్నటి పైపొర, గాజు కావచ్చు. మంచులోంచి చూసినట్టు చెదిరి కనిపిస్తే మ్యాట్ పూత, అంటే వెలుగు మెరవకుండా వేసిందే, కింద ఫిల్మ్ కావచ్చు. టచ్ పనిచేసే లాప్‌టాప్ అయితే పైన గాజే ఉండటం ఎక్కువ. ఎటూ తేలకపోతే ఫిల్మ్ అనే అనుకుని నడవండి, నష్టం లేదు.

ఇక ఇంకు సంగతి. ఫౌంటెన్ పెన్ ఇంకు నీళ్లతో చేసింది, నీళ్లకే చాలావరకు వదులుతుంది. జెల్ పెన్ కూడా తడిగా ఉండగా పట్టుకుంటే లొంగుతుంది. బాల్‌పెన్‌ది చిక్కటి జిడ్డు ఇంకు, నీళ్లను లెక్కచెయ్యదు. పర్మనెంట్ మార్కరులో రంగుతో పాటు జిగురు లాంటి రెసిన్ ఉంటుంది, ఆరాక అది పట్టేస్తుంది. ఈ రెండింటికీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. దాన్ని నేరుగా పొయ్యకండి. గాజుకైతే 70 శాతం ఐపీఏ, మిగతా నీళ్లు ఉన్నది చాలు. ఆపిల్ కంపెనీ కూడా 2020లో తన ఫోన్లు, కంప్యూటర్ల పైభాగాన్ని 70 శాతం ఐపీఏ వైప్స్‌తో సున్నితంగా తుడవొచ్చని చెప్పింది. మ్యాట్ ఫిల్మ్‌కి నేను సగానికి సగం నీళ్లు కలుపుతాను. ఆ నీళ్లు కూడా బోరు నీళ్లు కాదు, ఉప్పు చారలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనండి.

పని మొదలెట్టే ముందు ప్లగ్ పీకి, స్క్రీన్ చల్లారనివ్వండి. ఐపీఏ అంటుకునే సరుకు, దగ్గర్లో అగరొత్తి కూడా ఉండకూడదు. కళ్లజోడు తుడిచే లాంటి మైక్రోఫైబర్ గుడ్డ తీసుకోండి. టిష్యూ పేపరు, చీర కొంగు వద్దు. ముందు పొడిగుడ్డతో దుమ్ము తియ్యండి, లేకపోతే ఆ దుమ్మే గీతలు పెడుతుంది. తర్వాత ఒట్టి నీళ్లు. లొంగకపోతేనే ఐపీఏ, అదీ ముందు ఒక మూల చిన్న చుక్కంత పరీక్షించాక. గుడ్డ తడవాలి గానీ పిండితే చుక్క రాలకూడదు. స్క్రీన్ మీద స్ప్రే కొట్టారా, అది జారి కింది అంచులోంచి లోపలికి దిగుతుంది. చాలా ప్యానెళ్లకు వైరింగు, చిప్పులు ఆ అంచులోనే ఉంటాయి.

రుద్దకండి, అద్దండి. మరక అంచు నుంచి మధ్యకి రండి. ఒకసారి అద్దిన చోటు గుడ్డకు నీలం అంటుతుంది, మళ్లీ అదే చోటు పెడితే ఆ నీలం తిరిగి స్క్రీన్‌కి పూసినట్టే. మడత మార్చండి. నేనైతే ఒక బాల్‌పెన్ గీతకు 10, 12 మడతలు మారుస్తాను. మ్యాట్ పూతలో కంటికి కనపడని గుంతలుంటాయి, ఇంకు వాటిలో దాక్కుంటుంది. చివర్లో లేత నీడ మిగిలితే వదిలెయ్యండి, స్క్రీన్ వెలిగితే అది దాదాపు కనపడదు.

మీ బడిలోని పెద్ద ప్యానెళ్లకు పైన గట్టి గాజు ఉంటుంది. పర్మనెంట్ మార్కరుతో రాశారా, దాని మీదే వైట్‌బోర్డ్ మార్కరుతో రుద్ది, తడి ఆరకముందే తుడవండి. కింది రంగును కూడా లేపుకొచ్చేస్తుంది. ఇది గాజుకే, మానిటర్ మీద చేసి నా పేరు చెప్పొద్దు. ఇంకోటి, ఈ ప్యానెళ్లలో ఎక్కువవాటికి టచ్ పనిచేసేది ఫ్రేములోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లతో. ఆ అంచుల్లో తడి, మురికి చేరితే వేలు ఒకచోట పెడితే గీత ఇంకోచోట పడుతుంది.

అన్నట్టు, కొందరు "లోపల ఇంకు కారింది" అంటూ తెస్తారు. నల్లగా, సాలెగూడులా పాకుతూ ఉంటుంది. అది ఇంకు కాదు. దెబ్బ తగిలి లోపలి లిక్విడ్ క్రిస్టల్ పొర చెదిరింది. దానికి ఏ మందూ లేదు, ప్యానెల్ మార్చాల్సిందే. పైన తుడిచినకొద్దీ పగులు పెరుగుతుంది.

సరే, మాటలు చాలు. ఈ బల్ల మీదున్నది నా పాత మానిటర్, దీనికి ఏమైనా పర్లేదు. ఇదిగో, బాల్‌పెన్‌తో అడ్డంగా ఒక గీత గీశాను. రెండో వరసలో టీచరమ్మా, మీరు రండి. గుడ్డ తీసుకోండి. ముందు ఆ ప్లగ్ పీకండి.